శివారు చేను దగ్గర తేలే లెక్క: గోదావరి డెల్టాలో సంఘాల పనిని కొలవడం ఎలా?

గోదావరి డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా సంఘాలకి కొదవ లేదు. డ్వాక్రా సంఘాలు, వాటి మీద గ్రామ సమాఖ్య, సహకార సొసైటీ, నీటి సంఘం, సముద్రం పక్క ఊళ్ళలో మత్స్యకారుల సొసైటీ, మడ అడవుల అంచున వన సంరక్షణ సమితి, గుడి కమిటీ, చర్చి యువజన సంఘం, హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డ ఊరివాళ్ళు పెట్టిన ట్రస్టు. వీటిలో కొన్ని ప్రభుత్వం చేత్తో పుట్టినవే కదా, వాటిని పౌర సమాజం అనొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. ఎవరు పుట్టించినా సభ్యులే కూర్చుని, మాట్లాడుకుని, నిర్ణయం తీసుకునే చోటల్లా అది జనం సంస్థే అని నా ఉద్దేశం.

మరి ఇన్ని సంఘాల వల్ల ఎవరి బతుకులో ఏం మారింది? ఆ సంగతి మనకి ఎలా తెలుస్తుంది? దాతలు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. 'సామాజిక ప్రభావం కొలవండి' అంటారు. చిన్న సంఘాలకి ఆ మాట వినగానే టెన్షన్. అదేదో కన్సల్టెంట్లు, ల్యాప్‌టాప్‌లు, ఇంగ్లీషు నివేదికల వ్యవహారం అనుకుంటారు. నిజానికి ఆ కొలత ముందు సంఘానికే అవసరం. తన లెక్క తాను వేసుకుని సభ్యుల ముందు చదివి వినిపించే సంఘం గట్టిపడుతుంది. లెక్కంతా పైవాళ్ళ కోసం రాసే సంఘం, ఆ పైవాళ్ళు వెళ్ళిపోగానే చతికిలపడుతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. తీరానికి దగ్గర్లో, చుట్టూ రొయ్యల చెరువులున్న ఒక ఊరు అనుకోండి. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కాలవ నీటితో నింపుకునే మంచినీళ్ళ చెరువే దిక్కు. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు కాబట్టి ఆలోపే చెరువు నిండాలి. మే నెలకి అడుగంటిన నీళ్ళు పచ్చగా మారతాయి. ఇది చూసి ఒక దాత ఆర్.ఓ. ప్లాంటు పెట్టించాడు. షెడ్డు వేశారు, శిలాఫలకం పెట్టారు, ప్రారంభోత్సవం అయింది. నివేదికలో ఒక వాక్యం పడింది: '500 కుటుంబాలకు శుద్ధమైన తాగునీరు అందించాం.'

ఆ 500 ఎక్కడిది? ఊళ్ళో ఉన్న రేషన్ కార్డుల సంఖ్య అది. ప్లాంటు దగ్గరకి రోజూ ఎన్ని టిన్నులు వస్తున్నాయో ఎవరూ రాయలేదు. పనిని కొలవడంలో మొట్టమొదటి చిక్కుముడి ఇక్కడే ఉంది. ఖర్చు పెట్టిన డబ్బు ఒక లెక్క. ఆ డబ్బుతో కట్టిన ప్లాంటు రెండో లెక్క. ఆ నీళ్ళు ఎవరింటికి చేరాయన్నది మూడోది. దానివల్ల జబ్బులు, వైద్యం ఖర్చు, నీళ్ళు మోసే శ్రమ తగ్గాయా అన్నది నాలుగోది. ప్లాంటు మూడేళ్ళ తరవాత కూడా నడుస్తోందా అన్నది ఐదోది. మన నివేదికల్లో చాలావరకు రెండో లెక్క దగ్గరే ఆగి, నాలుగోది సాధించేశామని చెబుతాయి.

మూడో లెక్క తేలాలంటే ఇంట్లోకి వెళ్ళి అడగాలి. ఎలా అడుగుతామన్నదాన్ని బట్టే జవాబు.

'నీళ్ళు బాగున్నాయా అమ్మా?'

'బాగానే ఉన్నాయండి.'

ఈ జవాబుకి విలువ లేదు. గోదావరి జిల్లాల్లో గుమ్మం దాకా వచ్చిన మనిషిని నొప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా ఆ వచ్చిన మనిషి దాత తరఫువాడని ఆవిడకి తెలుసు. అదే ప్రశ్న మరోలా అడిగి చూడండి.

'నిన్న రాత్రి అన్నం ఏ నీళ్ళతో వండారమ్మా?'

'చెరువు నీళ్ళేనండి. టిన్ను నీళ్ళు పిల్లల సీసాలకే సరిపోతాయి. మా ఆయన పనికెళ్తే మోసుకొచ్చేవాళ్ళు లేరు. ఆటోవాడు తెస్తే ఇంకో పది రూపాయలు అడుగుతాడు.'

పెద్ద సర్వేలో దొరకని విషయాలు ఈ ఒక్క జవాబులో మూడున్నాయి. నీళ్ళు తాగడానికి చాలుతున్నాయి, వంటకి చాలడం లేదు. టిన్ను ధర కన్నా దాన్ని ఇంటికి చేర్చుకోవడం బరువు. ఊరి నడిమధ్య కట్టిన ప్లాంటు ఊరి చివరి కాలనీకి దూరం. 'నిన్న', 'మొన్న ఆదివారం', 'కిందటి సంతకి' అని రోజు పట్టుకుని అడిగిన ప్రశ్నకే గట్టి జవాబు వస్తుంది. అభిప్రాయం అడిగితే మర్యాద కొద్దీ ఏదో చెబుతారు.

ఇంకో విషయం ఎవరూ అడగరు. ఆర్.ఓ. యంత్రం తీసుకున్న నీటిలో పెద్ద భాగాన్ని వదిలేస్తుంది. ఉప్పు చిక్కబడ్డ ఆ నీరు ఏ బోదెలోకి (చిన్న కాలవలోకి) పోతోంది? దాని దిగువన ఎవరి పెరడు ఉంది? మేలుతో పాటు ఎవరికైనా కీడు జరిగితే అది కూడా లెక్కలోకి రావాలి. యంత్రంలో నీటిని వడకట్టే పొరలు పాడైనప్పుడు మార్చడానికి డబ్బు ఎవరి దగ్గర ఉందో కూడా మొదటిరోజే రాసుకోవాలి. టిన్నుకి ఇంత అని వసూలు చేసి, బ్యాంకులో వేసి, నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టే కమిటీ ఉంటే ప్లాంటు నడుస్తుంది. లేకపోతే షెడ్డు మాత్రం మిగులుతుంది.

రెండో చిక్కుముడి: మారింది సరే, మనవల్లే మారిందా? డెల్టాలో ఒక కుటుంబం ఆదాయం పెరగడానికి సవాలక్ష కారణాలు. రొయ్య ధర లేచి ఉండొచ్చు, కూతురు గల్ఫ్ నుంచి డబ్బు పంపి ఉండొచ్చు, ఆ ఏడు తుపాను రాకపోయి ఉండొచ్చు. కుట్టు శిక్షణ ఇచ్చిన సంస్థ ఆ పెరుగుదలంతా తన ఖాతాలో వేసుకుంటే అది అబద్ధం. పరిశోధకులు కొన్ని ఊళ్ళని చీటీ తీసి ఎంచుకుని, మిగతా ఊళ్ళతో పోల్చి చూస్తారు. ఊరి సంఘానికి అంత శక్తి ఉండదు, అక్కర్లేదు కూడా. అదే కాలవ మీద, అలాంటి భూములే ఉండి, మన పని చేరని పక్క ఊరిని చూడొచ్చు. మన ఊరి కిందటేడు లెక్క తీయొచ్చు. మన పని లేకపోతే ఏమయ్యేదో నలుగురు సభ్యుల్ని విడివిడిగా అడగొచ్చు. ఈ మూడూ ఒకే వైపు చూపిస్తే 'ఇందులో మా పాత్ర ఉంది' అని చెప్పుకోవచ్చు. 'అంతా మావల్లే' అనడానికి ఎవరికీ ఆధారం ఉండదు.

ఇక నీటి సంఘాల సంగతి. డెల్టా బతుకంతా కాలవ మీదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని చోట తరవాత కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు. కాలవల నిర్వహణలో రైతులకి భాగం ఇస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చట్టం వచ్చింది. అదే ఏడు రాష్ట్రమంతా పదివేలకి పైగా నీటి సంఘాలకి ఎన్నికలు జరిగాయి. వాటి మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి ప్రయత్నం అప్పటికి జరగలేదు. తరవాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేక చాలా సంఘాలు పేరుకే మిగిలాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు పెట్టారు.

నీటి సంఘం పనిని ఎలా కొలవాలి? మామూలుగా రాసేది ఇది: ఇన్ని కిలోమీటర్లు పూడిక తీశాం, ఇన్ని లక్షల పని అయింది, ఇన్ని ఎకరాలకి నీరిచ్చాం. ఎగువన తూము పక్కన పొలం ఉన్న రైతుకి సంఘం ఉన్నా లేకపోయినా నీరు అందుతుంది. సంఘం పని తెలిసేది కాలవ చివర ఉన్న శివారు భూముల్లోనే. కాబట్టి ఒకే పంట బోదె మీద మూడు చేలు ఎంచుకోవాలి. ఒకటి ఎగువన, ఒకటి మధ్యలో, ఒకటి చిట్టచివర. కాలవకి నీరు వదిలిన ఎన్నో రోజుకి ఒక్కో చేనికి నీరు చేరిందో రాయాలి. దాళ్వాలో (రబీ వరిలో) వంతులవారీగా నీరిస్తున్నప్పుడు శివారు చేనుకి ఎన్ని వంతులు తప్పాయో రాయాలి. సార్వాలో (ఖరీఫ్ వరిలో) గట్టి వాన పడ్డాక చేలోంచి నీరు లాగడానికి ఎన్ని రోజులు పట్టిందో అదీ రాయాలి. గుర్రపుడెక్క పేరుకుపోయిన మురుగు కాలవ పొలాన్ని ఎన్ని రోజులు ముంచిందో ఆ అంకెలోనే కనిపిస్తుంది. ఖర్చు ఒక నోటు పుస్తకం. ఎగువ చేనికీ శివారు చేనికీ మధ్య ఉన్న రోజుల తేడా ఏటేటా తగ్గుతోందంటే సంఘం పనిచేస్తున్నట్టే. ఇంతకన్నా మంచి కొలత నాకు కనబడలేదు.

పది మంది సగటు తీస్తే ఈ తేడా మాయమైపోతుంది. సగటున వారంలో నీరు చేరిందంటే బాగానే ఉన్నట్టుంటుంది. ఎగువన మూడు రోజులు, శివారున పదకొండు రోజులు పట్టినా సగటు ఏడే. ఏ లెక్క వేసినా చివర ఉన్నవాళ్ళని విడిగా చూడాలి. శివారు రైతు, కౌలు రైతు, ఊరి చివరి కాలనీ, లంకలో (గోదావరి మధ్య దిబ్బ మీద) ఉన్న ఇల్లు, ఒంటరి ఆడమనిషి.

కౌలు రైతు సంగతి మరీ ముఖ్యం. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదార్ల చేతుల్లో ఉంది, అదీ ఎక్కువగా నోటిమాట మీద. రికార్డులో పేరు లేని కౌలుదారుకి నీటి సంఘంలో ఓటు లేదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో సాగుదారు హక్కు పత్రాల చట్టం వచ్చినా, పత్రం మీద సంతకం పెట్టడానికి భూమి యజమానికి భయం. అంటే చేలో నీరు అందక నష్టపోయే మనిషి ఒకరు, సంఘంలో చెయ్యెత్తే మనిషి మరొకరు. ఇలాంటి చోట సభ్యుల సంతృప్తి సర్వే చేస్తే మార్కులు బాగానే పడతాయి. అసలు సాగు చేసేవాణ్ణి అడగలేదు కాబట్టి.

అంకె బాగుండి బతుకు బాగోకపోవడానికి 2011 పెద్ద సాక్ష్యం. ఆ సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో పంట విరామం ప్రకటించారు. కాలవలో నీరుంది, భూమి ఉంది. పెట్టుబడి, కూలి ఖర్చు పెరిగి, మద్దతు ధర గిట్టక, మురుగు కాలవలు పూడిపోయి పంట ముంపు తప్పక, నాటు వేయకుండా భూమిని వదిలేశారు. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. నీరిచ్చిన ఎకరాలు మాత్రమే లెక్కపెట్టే వ్యవస్థకి ఈ విరామం ముందుగా కనబడే అవకాశమే లేదు. ఎకరాకి రైతు చేతిలో ఏం మిగులుతోందో రాసి పెట్టుకునే సంఘం ఉంటే నాలుగైదు సార్వాల ముందే చెప్పగలిగేది.

డ్వాక్రా దగ్గర చిక్కు ఇంకో రకం. సక్రమంగా సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ: పంచసూత్రాలుగా మన ఆడవాళ్ళకి కంఠతా వచ్చిన ఈ ఐదూ సంఘం ఆరోగ్యాన్ని చూపించే మంచి కొలతలే. గొడవంతా ఐదింట్లో ఒక్కదాన్ని, చెల్లింపు శాతాన్ని, పట్టుకుని అదే విజయం అనుకున్నప్పుడు వచ్చింది. చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు 2010కి ముందు వసూళ్ళు నూటికి నూరు దగ్గర చూపించేవి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు తెచ్చినా కాగితం మీద చెల్లింపు చెల్లింపే. గుంపు ఒత్తిడితో పుస్తె అమ్మి కట్టినా అంతే. వేధింపులు, ఆత్మహత్యల వార్తలు బయటికి వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఏదో ఒక అంకెకే బహుమానం కడితే జనం, ఉద్యోగులు ఆ అంకెని ఎలాగోలా తెచ్చిపెడతారు. అందుకే చెల్లింపు పక్కనే 'ఈ వాయిదా డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?' అన్న గడి కూడా ఉండాలి. కూలి డబ్బా, వ్యాపారంలో మిగిలిందా, కొత్త అప్పా, బంగారం తాకట్టా.

జరగని నష్టాన్ని ఎలా కొలుస్తాం? డెల్టాలో ఇది ఊహ కోసం అడిగే ప్రశ్న కాదు. 1996 నవంబరు 6న కాకినాడ, యానాం ప్రాంతంలో తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రంలో వేటకి వెళ్ళిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. కోనసీమ కొబ్బరి నేలకొరిగింది. తుపాను జాగ్రత్తల మీద పనిచేసే సంఘం విజయం ఎప్పుడూ కంటికి కనబడదు. ఏమీ జరగకపోవడమే దాని విజయం. కాబట్టి ముందస్తు మెట్లని కొలవాలి. హెచ్చరిక వచ్చిన ఎంతసేపటికి లంకలో చివరి ఇంటికి మాట చేరింది? వేటలో ఉన్న పడవల్లో ఎన్నింటికి కబురు అందింది? ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. ఏ హెచ్చరికకి ఎన్ని ఇళ్ళు కదిలాయి, కదలనివాళ్ళు ఎందుకు కదల్లేదు అని వరద తగ్గిన వారంలోనే రాసి పెట్టుకుంటే వచ్చే వరదకి అదే ప్రణాళిక. లంకవాళ్ళని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు పశువులు. గేదెల్ని ఎక్కించే పడవ రానిదే యజమాని గడప దాటడు. పులిహోర పొట్లాల సంఖ్య రాసే నివేదికలో ఈ సంగతి దొరకదు.

మడ అడవుల దగ్గరా ఇంతే. కోరింగ వైపు సముద్రపు పోటు నీరు లోపలికి పారేలా చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, ఊరివాళ్ళతో మడ మొక్కలు పెంచారు. అక్కడ కొలవాల్సింది నాటిన మొక్కల్ని కాదు, మూడో ఏడుకి బతికున్నవాటిని.

ఇదంతా ఎవరు కొలవాలి? ఇందుకు మన దగ్గరే ఒక మంచి పద్ధతి ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాశారు. దాన్ని రాష్ట్రవ్యాప్తంగా ఒక వ్యవస్థగా మొదట నిలబెట్టింది ఆంధ్రప్రదేశే, 2006 నుంచి. కూలీ కుటుంబాల్లోని యువతీయువకులకి శిక్షణ ఇస్తారు. వాళ్ళు మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి 'ఈ వారం మీరు పనికి వెళ్ళారా, ఎంత ముట్టింది?' అని అడుగుతారు. తేడాలు గ్రామసభలో చదువుతారు, తరవాత మండలంలో ప్రజావేదిక మీద అధికారులు జవాబు చెప్పాలి. లోపాలు లేవని కాదు. వసూలు కావాల్సిన డబ్బు చాలావరకు వసూలు కాదు, ఒత్తిళ్ళుంటాయి. కానీ లెక్క ఎవరిదో వాళ్ళ ముందే, వాళ్ళ భాషలో, పైకి చదవడం అనే అలవాటు విలువైనది. ఏ ట్రస్టైనా, ఏ యువజన సంఘమైనా దీన్ని అరువు తెచ్చుకోవచ్చు.

చట్టం చిన్న పనుల్ని కొలవమని అడగదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం అర్హత ఉన్న కంపెనీలు లాభాల సగటులో రెండు శాతం సామాజిక పనులకి పెట్టాలి. చమురు, గ్యాసు తవ్వే డెల్టాలో ఆ డబ్బు ఊళ్ళకి రావడం మామూలే. 2021 నుంచి స్వతంత్ర సంస్థతో ప్రభావం అంచనా వేయించడం తప్పనిసరి అయింది. సగటున ఏటా 10 కోట్లు, ఆపైన పెట్టాల్సిన కంపెనీలకి, అదీ కోటి రూపాయలు, ఆపైన అయిన ప్రాజెక్టులకి మాత్రమే. మూడు లక్షలతో బడికి మరుగుదొడ్లు కట్టిన సంఘాన్ని ఎవరూ ఏమీ అడగరు. అడగకపోయినా రాసుకోవాలి, ఆడపిల్లల హాజరు పట్టీ బడిలోనే ఉంది.

ఇక బలపరచడం. దాతలు సిమెంటుకి ఇస్తారు, మనిషికి ఇవ్వరు. పుస్తకాలు రాసే అమ్మాయి జీతం, గది అద్దె, రిజిస్ట్రారుకి ఏటా పంపాల్సిన కాగితాలు, ఆడిటరు ఫీజు: సంఘాన్ని నిలబెట్టేవి ఇవే, వీటికే డబ్బు దొరకదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ వల్ల పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బులో కొంత ఊరి సంస్థకి ఇచ్చే దారి పూర్తిగా మూసుకుపోయింది. కాబట్టి చిన్న సంఘాలు ఇప్పుడు ఊరి చందా మీద, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ డబ్బు మీద, కంపెనీల మీద ఆధారపడాలి. ఈ ముగ్గురూ నమ్మాలంటే లెక్క పారదర్శకంగా ఉండక తప్పదు.

ఇంకొకటి, మనిషి పోయినా పని సాగాలి. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించారని అందరికీ తెలుసు. తరవాత హితకారిణి సమాజం పెట్టి తన ఆస్తిని దానికి రాసిచ్చారన్న సంగతి అంతగా గుర్తుండదు. 1919లో ఆయన పోయారు. ఆ సమాజం ఆధ్వర్యంలో విద్యాసంస్థలు తరాల తరబడి నడిచాయి. పక్కన కోనసీమలో డొక్కా సీతమ్మగారు ఆకలన్నవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆ చేతికి నేను దణ్ణం పెడతాను. అయితే ఒక మనిషి దయ మీద నడిచే పనికీ, నియమాలూ పుస్తకాలూ వారసులూ ఉన్న పనికీ ఆయుష్షులో తేడా ఉంటుంది. అధ్యక్షుడు ఒక నెల ఊళ్ళో లేకపోతే సమావేశం జరుగుతుందా? ఈ ఒక్క ప్రశ్న సంఘం బలం గురించి చాలా చెబుతుంది.

మొదలుపెట్టడానికి సరైన కాలం వేసవి. కాలవలు కట్టేసి ఉంటాయి, సమావేశానికి జనం దొరుకుతారు. మార్పు తెలియాలంటే పని మొదలవక ముందు పరిస్థితి ఏమిటో కాగితం మీద ఉండాలి. అది లేకపోతే తరవాత ఎంత తెలివైన కన్సల్టెంటు వచ్చినా ఏమీ తేల్చలేడు. మీ సంఘం పని ఎవరి కోసమో వాళ్ళలో అందరికన్నా చివర ఉన్న పది ఇళ్ళు ఎంచుకోండి. వాళ్ళనే కూర్చోబెట్టి 'ఈ పని మంచిగా జరిగితే మీకు ఏం మారాలి?' అని అడగండి. వాళ్ళు చెప్పినవాటిలో రెండో మూడో, లెక్కకి అందేవి, పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. తేదీ వేసి, ఇద్దరితో సంతకాలు పెట్టించండి. జూన్‌లో కాలవకి నీరు వదిలే లోపు ఈ పేజీ సిద్ధమైతే, సంక్రాంతికి ఊరికొచ్చిన దాతల ముందు, ఊరి ముందు, రెండో పేజీ చదవొచ్చు.